స్కాచ్ టేస్టింగ్‌లో నాకు మంట తప్ప ఏమీ తెలియలేదు, లోపం నాలో ఉందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉద్యోగం మీద గ్లాస్గో వచ్చి కొన్ని నెలలైంది. ఆఫీసు వాళ్ళతో కలిసి మొదటిసారి స్కాచ్ టేస్టింగ్‌కి వెళ్ళారు. ఐదు ప్రాంతాల పేరుతో ఐదు గ్లాసులు వరసగా పెట్టారు. పక్కవాళ్ళు ఆపిల్ అన్నారు, తేనె అన్నారు, సముద్రం అన్నారు. మీకు మాత్రం మొదటి నాలుగింటిలో గొంతు మంట, ఐదోదాంట్లో ఆసుపత్రి వాసన. నా నాలుకే అంతా? మళ్ళీ వెళ్తే ఏ వరసలో తాగాలి? నీళ్ళు కలిపితే తప్పా? మొదటి బాటిల్ ఏది కొనాలి? ఇవీ మీరు అడిగినవి.

మీ నాలుకలో ఏ లోపమూ లేదు. ఆసుపత్రి వాసన పట్టారంటే ముక్కు కూడా బాగానే పనిచేస్తోంది, ఎందుకో కింద చెప్తాను. చేయాల్సింది ఒకటే. ఐదు గ్లాసులు ఒకేసారి వద్దు. రెండే రెండు పక్కపక్కన పెట్టుకోండి, ఆ రెండింటి మధ్య పెద్ద తేడా ఒక్కటే ఉండాలి. నీళ్ళు నిరభ్యంతరంగా కలపండి. బాటిల్ మాత్రం ఇప్పుడే కొనకండి.

నేను ఎడిన్‌బరాలో విస్కీ షాపులో పనిచేస్తాను, టేస్టింగ్‌లు కూడా నడుపుతాను. అంతకుముందు స్పేసైడ్ అనే ప్రాంతంలో విస్కీ కాచే ఒక డిస్టిలరీలో టూర్ గైడ్‌గా చేశాను. మీలాంటి సందేహంతో వచ్చినవాళ్ళతో రోజూ మాట్లాడేదే నా పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మంట సంగతి. మిరపకాయ కారాన్ని పట్టే నాడీ గ్రాహకం ఏదైతే ఉందో, ఆల్కహాల్‌కి కూడా అదే స్పందిస్తుంది. కాబట్టి మీకు తగిలింది ఊహ కాదు, ఒక రకంగా కారమే. 40 శాతం ఆల్కహాల్ నాలుక మీద పడగానే అది కేకపెడుతుంది, ఆ కేకలో మిగతావేవీ వినపడవు. మనలో చాలామందికి విస్కీ అంటే సోడా, ఐసు, పక్కన కారం పల్లీలు. సోడాతో ఆ మంట ఎప్పుడూ బయటపడలేదు. ఇక్కడ ఒక్కసారిగా రా ఇచ్చేసరికి నోరు బెదిరింది. టేస్టింగ్‌కి ముందు ఏమైనా కారంగా తిన్నారేమో గుర్తు తెచ్చుకోండి. కారం తిన్న నోట్లో విస్కీ పడితే రెండు మంటలూ కలిసిపోయి అసలు రుచి మిగలదు. మా దగ్గరికి బిర్యానీ తిని నేరుగా వచ్చేవాళ్ళకి ఓ గంట ఆగి రమ్మని చెప్తాను.

వాసన చూసే పద్ధతి. గ్లాసు పైకి సన్నబడేది తీసుకోండి. గ్లెన్‌కెర్న్ అనే గ్లాసు ఇక్కడ చాలా బార్లలో ఉంటుంది, అడిగితే ఇస్తారు. వైన్‌ని తిప్పినట్టు గిరగిరా తిప్పకండి, ఆల్కహాల్ ఆవిరి ఒక్కసారిగా లేచి ముక్కు మొద్దుబారుతుంది. గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకుని మెల్లగా పైకి తీసుకురండి. పెదవులు కొంచెం తెరిచి ఉంచి, ముక్కుతోనూ నోటితోనూ కలిపి గాలి పీల్చండి. నోరు మూసుకుని పీల్చినదానికీ, తెరిచి పీల్చినదానికీ ఘాటులో ఎంత తేడా ఉంటుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఒకసారి చూసి గ్లాసు దించేయండి. మీ చొక్కా చెయ్యి వాసన చూసి, మళ్ళీ రండి. రెండోసారికి ఘాటు వెనక్కి తగ్గి తియ్యదనమో పండో ముందుకొస్తుంది.

ఇక గుక్క. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే. టీ చెంచాలో సగమంత తీసుకోండి చాలు. నాలుక మీద ఉంచి, లాలాజలం కలిసేదాకా నెమ్మదిగా కదిలించి మింగండి. దాని మీద అభిప్రాయం పెట్టుకోకండి. ఒకటి రెండు నిమిషాలు ఆగి రెండో గుక్క తీసుకుంటే మంట సగానికి సగం తగ్గి ఉంటుంది. మింగాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. నిజానికి మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం అప్పుడే తెలుస్తుంది. ఐదు గ్లాసులు గంటలోపు ముగించే టేస్టింగుల్లో ఈ రెండో గుక్కకి సమయమే ఇవ్వరు. మీకేమీ తెలియకపోవడానికి నా లెక్కలో అసలు కారణం అదే.

నీళ్ళ విషయం. కలపొచ్చు, కలపాలి కూడా. విస్కీలు కలిపే వృత్తిలో ఉన్న బ్లెండర్లే 20 శాతం దగ్గరికి పలచన చేసి వాసన చూస్తారు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ నమూనాలతో ఒక విషయం చూపించారు. పొగ వాసనకి కారణమైన గ్వాయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు ద్రవం పైపొర దగ్గర ఉంటుంది, 59 శాతం దాటితే లోపలికి వెళ్ళిపోతుంది. అంటే నీళ్ళు వాసనని పలచన చేయడమే కాదు, కొన్నిటిని పైకి తీసుకొస్తాయి కూడా. అలాగని ఒకేసారి పోసేయకండి. స్ట్రాతోనో చెంచాతోనో నాలుగైదు చుక్కలు వేయండి, వాసన చూడండి, కావాలంటే ఇంకో నాలుగు. 46 శాతం ఉన్న కొన్ని విస్కీలు నీళ్ళు పడగానే కొంచెం మసకబారతాయి. చల్లబరిచి వడకట్టని విస్కీల్లో అది మామూలే, కల్తీ అనుకోవద్దు.

ఐసు వాసనని అణిచేస్తుంది. తేడా పట్టుకోవాలన్నప్పుడు వద్దు, హాయిగా తాగాలనుకున్న రోజు మీ ఇష్టం. సోడాతో తాగేవాళ్ళని చిన్నచూపు చూసే బ్యాచ్ ఎక్కడైనా ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. హైబాల్ అని ఇక్కడి మంచి బార్లే మెనూలో పెట్టి అమ్ముతున్నాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేసవిలో ప్రయత్నించేవాళ్ళకి ఒక మాట. ఆ వేడికి ఆల్కహాల్ ఆవిరి ముందే లేచి ముక్కుని కొడుతుంది. ఏసీ గదిలో, గ్లాసు కాస్త చల్లబడ్డాక చూడండి.

మీకు పెట్టిన ఐదు ప్రాంతాల వరస గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంబెల్‌టౌన్ అన్న ఐదు పేర్లకీ 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల్లో చట్టపరమైన రక్షణ ఉంది. కానీ ఆ పేరు విస్కీ ఎక్కడ తయారైందో చెప్తుంది, ఎలా ఉంటుందో చెప్పదు. గ్లాస్గోకి ఉత్తరాన గ్లెన్‌గాయిన్ డిస్టిలరీకి బస్సులో వెళ్ళి చూడండి. రోడ్డుకి ఇవతల విస్కీ కాచే రాగి పాత్రలు, అది హైలాండ్. రోడ్డు దాటితే పీపాలు నిల్వ చేసే గోదాములు, అది లోలాండ్. రోడ్డు దాటినందుకు రుచి మారదు కదా. కొత్తగా వచ్చినవాళ్ళకి ప్రాంతాల మ్యాపు చూపించడం తేలిక, చూడ్డానికీ బాగుంటుంది. కాని దాన్ని పట్టుకుని నాలుకతో వెతికితే మీకైనట్టే అవుతుంది.

రుచిని నిర్ణయించేవి ఏవంటే: ధాన్యం ఏది, దాన్ని ఏ పాత్రలో కాచారు, మొలకెత్తించిన బార్లీని ఎండబెట్టేటప్పుడు పీట్ అనే చిత్తడి నేల ఇంధనం పొగ పట్టించారా లేదా, ఏ పీపాలో ఎన్నాళ్ళు ఉంచారు. నేను పెట్టే జతలు వీటిని ఒక్కొక్కటిగా పట్టిస్తాయి.

మొదటి జత: గ్రెయిన్ విస్కీ, మాల్ట్ విస్కీ. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, పూర్తిగా మొలకెత్తిన బార్లీతో, పాట్ స్టిల్ అనే రాగి పాత్రలో కాచినది. గ్రెయిన్ విస్కీకి గోధుమో మొక్కజొన్నో ప్రధానం, కాలమ్ స్టిల్ అనే ఎత్తైన స్తంభంలాంటి పాత్రలో ఆగకుండా కాస్తారు. అందుకే తేలిగ్గా, వనిల్లా తియ్యదనంతో, నున్నగా ఉంటుంది. దీన్ని చాలామంది లెక్కచేయరు, నాకు అది నచ్చదు. ఆ మధ్య ఒకావిడ భర్తకి తోడుగా మా టేస్టింగ్‌కి వచ్చారు, తాగే ఉద్దేశం పెద్దగా లేదు. మాల్ట్‌లన్నీ పక్కన పెట్టేశారు, గ్రెయిన్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయి ఇంకొంచెం పొయ్యమన్నారు. ఆవిడకి విస్కీ పడదని కాదు, సరైన చోటు నుంచి ఎవరూ మొదలుపెట్టించలేదు. మీరు బ్లెండెడ్ స్కాచ్ అని తాగేదంతా ఈ రెండింటి కలయికే, కాబట్టి ఈ జత తర్వాత ఏ బ్లెండ్ తాగినా ఎందులో ఏది పలుకుతోందో కొద్దికొద్దిగా పట్టుబడుతుంది.

రెండో జత: పీపా తేడా. నాకు అన్నిటికన్నా ఇష్టమైన జత ఇది. గ్లెన్‌మోరంజీ ఒరిజినల్, దాని పక్కన అదే డిస్టిలరీ లసాంటా తీసుకోండి. వయసులో కొంచెం తేడా ఉన్నా, కాచింది ఒకటే స్పిరిట్. వాళ్ళ స్టిల్స్ స్కాట్లాండ్‌లోనే అత్యంత ఎత్తైనవి, మెడ ఐదు మీటర్లు దాటుతుంది. అంత ఎత్తు ఎక్కలేక బరువైన ఆవిర్లు వెనక్కి జారిపోతాయి, తేలికైనవే పైకి చేరతాయి. ఒరిజినల్ అమెరికాలో బూర్బన్ అనే అక్కడి విస్కీ నింపి ఖాళీ చేసిన పీపాల్లో పెరుగుతుంది. లసాంటా కూడా అలాగే పెరిగి, చివర్లో ఒలొరోసో, పేడ్రో హిమేనెత్ అనే రకాల షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాల్లోకి మారుతుంది.

మొదటిదాంట్లో నారింజ తొక్క, వనిల్లా, ఒక్కోసారి కొబ్బరి. ఆ కొబ్బరి వాసన అమెరికన్ ఓక్ చెక్కలోని లాక్టోన్లు అనే పదార్థాల నుంచి వస్తుంది, వనిల్లా కూడా చెక్కదే. రెండోదాంట్లో ఎండుద్రాక్ష, ఖర్జూరం, బెల్లం పాకం ముదిరినప్పటి చేదు తగిలిన తీపి. రెండూ అటూ ఇటూ మార్చి చూస్తే, ఇంతవరకూ ఏమీ తెలియదన్నవాళ్ళు కూడా ఆ తేడా చెప్పేస్తారు. ఇంకా కావాలంటే మూడోదిగా గ్లెన్‌డ్రోనాక్ 12 పెట్టుకోండి, పూర్తిగా షెర్రీ పీపాల్లోనే పెరిగింది.

ఇక్కడ రంగుని నమ్మకండి. స్కాచ్‌లో నీళ్ళు కాక కలపడానికి చట్టం ఒప్పుకునేది ఒక్క కారామెల్ రంగునే, దాన్ని చాలా కంపెనీలు వాడతాయి. ముదురు రంగంటే మంచి పీపా అనో, ఎక్కువ వయసనో అనుకోవద్దు. వయసు కూడా అంతే. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లాండ్‌లో, ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు ఉండాలి. లేబుల్ మీద 12 అని ఉంటే లోపలున్న అన్నిటిలో చిన్నదాని వయసు 12 అని. ఎక్కువ ఏళ్ళంటే చెక్క ప్రభావం ఎక్కువ, అంతే తప్ప మార్కులు ఎక్కువని కాదు. 12 ఏళ్ళది నచ్చి, 18 ఏళ్ళదాంట్లో చెక్క మరీ ఎక్కువైందన్నవాళ్ళు నా టేస్టింగ్‌ల్లో తరచూ ఉంటారు, వాళ్ళు చెప్పేది నిజమే.

మూడో జత: పొగ. ఐలా దీవి ఈశాన్య తీరంలో రెండు డిస్టిలరీలు, బునహావెన్, కల్ ఈలా, కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్నాయి. బునహావెన్ 12కి పీట్ పొగ దాదాపు ఉండదు, గింజల రుచి, ఎండుపళ్ళ తీపి, కొంచెం ఉప్పన. కల్ ఈలా 12 నిండా పొగే. ఐలా అంటే పొగ అని మీకు చెప్పిన మాట ఇక్కడ తేలిపోతుంది. దీవి ఒకటే, సముద్రం ఒకటే. బార్లీని పీట్ మంట మీద ఎండబెట్టారా లేదా అన్నదే పెద్ద తేడా. పీపాల తేడా కూడా కొంత ఉందిలెండి, కానీ పొగ ముందు అది రెండో వరసలో ఉంటుంది.

పీట్ అంటే వేల ఏళ్ళుగా చిత్తడి నేలలో నాచు, పొదలు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న పొర. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి మండిస్తారు. ఆ పొగలోని ఫినాల్ జాతి రసాయనాలు తడి బార్లీకి పట్టుకుని, కాచినా, పీపాలో ఏళ్ళు ఉన్నా కొంత నిలుస్తాయి. మన ఇళ్ళలో వాడే డెట్టాల్‌లోని ప్రధాన మందు కూడా ఫినాల్ జాతిదే. మీకు ఆసుపత్రి వాసన వచ్చిందంటే, ఆ గ్లాసులో నిజంగా ఉన్నదాన్నే మీరు పట్టుకున్నారు. లఫ్రోయిగ్ అనే ఐలా విస్కీ గురించి ఇక్కడి నిపుణులు రాసుకునే నోట్సులో అయోడిన్, బ్యాండేజీ అన్న మాటలు మామూలు. మీ పక్కవాళ్ళు సముద్రం అన్నారు చూడండి, చాలావరకు దాన్నే అని ఉంటారు.

పొగ ఎంతన్నది చెప్పడానికి పీపీఎం అనే అంకె వాడతారు, అంటే పది లక్షల భాగాల్లో ఫినాల్ ఎన్ని భాగాలు అని. ఐలాలోనే ఉన్న ఆర్డ్‌బెగ్ డిస్టిలరీ బార్లీకి 55 దరిదాపు, బోమోర్‌కి 25 దరిదాపు. అది ఎండబెట్టిన బార్లీలో కొలిచిన అంకె, సీసాలో ఉన్నది కాదు. స్టిల్ ఆకారం, కాచేటప్పుడు ఎక్కడ ఆపారు, ఎన్నేళ్ళు పెంచారు అన్నదాన్నిబట్టి సీసాలోకొచ్చేసరికి చాలా తగ్గుతుంది. అంకె చూసి భయపడకండి, అంకె చూసి కొనకండి.

ఈ జత దగ్గర ఇంకో గ్లాసు చెప్తాను, మనవాళ్ళకి బాగా పనికొస్తుంది. బ్లాక్ లేబుల్. విదేశాల నుంచి వచ్చేవాళ్ళు డ్యూటీ ఫ్రీలో కొనుక్కొచ్చేది, పెళ్ళిళ్ళలో సోడాతో తిరిగేది, మీరూ ఎప్పుడో తాగే ఉంటారు. జానీ వాకర్ బ్లెండ్లకి మూలస్తంభాల్లాంటి నాలుగు డిస్టిలరీల్లో కల్ ఈలా ఒకటి. ముందు బ్లాక్ లేబుల్ నీళ్ళ చుక్కలతో చూడండి. తర్వాత కల్ ఈలా. పది నిమిషాలు ఆగి మళ్ళీ బ్లాక్ లేబుల్ దగ్గరికి రండి. వెంటనే వస్తే ముక్కు ఆ పొగకి అలవాటు పడిపోయి ఏమీ తెలియదు, అందుకే ఆగమంటున్నాను. ఆ రెండోసారి, ఇన్నాళ్ళూ సోడా చాటున మీరు తాగుతున్న పొగ బయటికొస్తుంది. పీట్ నాకు పడదు అని తేల్చేసిన చాలామంది మనవాళ్ళకి ఇదే చేయించాను. అందరికీ నచ్చిందని చెప్పను, కానీ ఆ తర్వాత ఎవరూ అది చెడిపోయిన విస్కీ అనలేదు.

ఈ జతలు అయ్యాక స్ప్రింగ్‌బ్యాంక్ వైపు వెళ్ళండి. క్యాంబెల్‌టౌన్‌లోని ఆ ఒక్క డిస్టిలరీలోనే మూడు రకాలు కాస్తారు. పొగ లేకుండా మూడుసార్లు కాచిన హేజెల్‌బర్న్, కొంచెం పొగతో, కొంత రెండుసార్లు కొంత మూడుసార్లు కాచడం వల్ల రెండున్నరసార్లు కాచినదిగా చెప్పే స్ప్రింగ్‌బ్యాంక్, బాగా పొగపట్టి రెండుసార్లు కాచిన లాంగ్‌రో. మూడూ పక్కపక్కన దొరికితే అంతకన్నా మంచి పాఠం లేదు. సీసాలు దొరకడం కష్టం, బార్‌లో అడగండి. మీ గ్లాస్గోలో హోప్ స్ట్రీట్‌లోని పాట్ స్టిల్ పబ్బుకి వారం మధ్యలో, మధ్యాహ్నం పూట వెళ్ళండి. రద్దీ ఉండదు, కౌంటర్ వెనక ఉన్నవాళ్ళతో తీరిగ్గా మాట్లాడొచ్చు. ఫలానా రెండింటి మధ్య తేడా తెలుసుకోవాలని వచ్చాను అని చెప్పండి, వాళ్ళకి అలాంటి ప్రశ్నంటే చాలా ఇష్టం.

ఆపిల్, తేనె అని పక్కవాళ్ళు చెప్పింది మీకు రాకపోతే కంగారు వద్దు. ఇక్కడి నోట్సులో హెదర్ తేనె, క్రిస్మస్ కేకు, మార్మలేడ్ ఉంటాయి. అవి తినని మనిషికి గుర్తెలా వస్తాయి? మీకు గుర్తొచ్చిందే రాసుకోండి. కాకినాడ నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన మా టేస్టింగ్‌లో కూర్చున్నారు. కల్ ఈలా వాసన చూసి, ఎండుచేపలు కాల్చే చోటు నుంచున్నట్టుంది అన్నారు. కూతురు ఇబ్బందిపడుతూ ఇంగ్లిష్‌లో చెప్పింది. బల్లకి అవతల ఉన్న స్కాట్లాండ్ జంట ఒక్కసారిగా తలూపారు. వాళ్ళకి ఆర్‌బ్రోత్ ఊళ్ళో చెక్క పొగ మీద కాల్చే హాడాక్ చేప గుర్తొచ్చిందట. పెద్దాయన ముక్కు అంత కచ్చితంగా ఉంది, స్కాచ్ ఆయనకి కొత్త అయినా. బాగా పండిన అరటిపండు వాసన వస్తే అలాగే రాయండి. ఆ వాసననిచ్చే ఎస్టర్ అనే రసాయనాన్నే, బార్లీ రసం పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేస్తుంది.

వరస గురించి అడిగారు. తేలికైనది ముందు, షెర్రీ తర్వాత, పొగ చివర. పొగ ముందు తాగితే తర్వాతవన్నీ మూగబోతాయి. పీపాలోంచి తీసి నీళ్ళు కలపకుండా నింపే, 60 శాతం దగ్గర ఉండే కాస్క్ స్ట్రెంగ్త్ రకాలు మొదట్లో వద్దు, అవి తర్వాత నీళ్ళతో ఆడుకోవడానికి బాగుంటాయి. మధ్యమధ్యలో మంచినీళ్ళు, ఉప్పు లేని బిస్కెట్టు.

పరిమాణం విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. ఇక్కడ పబ్బులో ఒక కొలత 25 మిల్లీలీటర్లో 35 మిల్లీలీటర్లో, మన పెగ్గు లెక్క వేరు. జతకి రెండు 25లు అంటే, బ్రిటన్‌లో ఆల్కహాల్‌ని లెక్కపెట్టే యూనిట్లలో రెండు. బ్రిటన్ ఆరోగ్యశాఖ సలహా వారానికి 14 యూనిట్లు దాటొద్దని, అదీ ఒకేరోజు కాకుండా. ఒక సాయంత్రానికి ఒక జత చాలు. ఉమ్మేయడానికి గిన్నె అడగండి, అది మర్యాదే. మేము పనిలో ఉన్నప్పుడు ఉమ్మే చూస్తాం. డిస్టిలరీకి కారులో వెళ్తే నడిపేవాళ్ళు ఒక్క చుక్క కూడా వద్దు. స్కాట్లాండ్‌లో 2014 చివర్లోనే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితిని 80 నుంచి 50 మిల్లీగ్రాములకి తగ్గించారు, ఇంగ్లండ్ కన్నా కఠినం. డ్రైవర్ వాటాని చిన్న సీసాలో పోసి ఇంటికి ఇచ్చే డిస్టిలరీలు చాలా ఉన్నాయి, అడిగి తీసుకోండి.

ఇక బాటిల్. రెండో జత, మూడో జత చూశాక, ఏ గ్లాసు దగ్గరికి చెయ్యి తనంతట తాను మళ్ళీ వెళ్ళిందో అదే కొనండి. ఇప్పుడే ఒకటి చెప్పమని పట్టుబడితే, మీరు రాసినదాన్నిబట్టి పూర్తి బాటిల్ బదులు 5 సెంటీలీటర్ల చిన్న సీసాలు మూడు చెప్తాను: గ్లెన్‌మోరంజీ ఒరిజినల్, గ్లెన్‌డ్రోనాక్ 12, కల్ ఈలా 12. దుకాణాల్లో రాత్రి 10 దాటాక మద్యం అమ్మరు, ముందే వెళ్ళండి. తర్వాత పెద్ద బాటిల్ కొన్నప్పుడు వైన్‌లా పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి, ఇంత ఘాటు ఆల్కహాల్ తగులుతూ ఉంటే కార్క్ పాడవుతుంది. ఎండ తగలని చోట పెట్టండి, సగం కన్నా తగ్గాక కొన్ని నెలల్లో పూర్తిచేయండి.